సొప్రానో పాటలో మాటలేవి?

కమ్మింగ్ పరిసరాలలో స్థిరపడిన మన కుటుంబాలవారు అట్లాంటా సింఫనీ హాలులో కచేరీ విని వచ్చినప్పుడు, లేదా తమ అమ్మాయి పాఠశాల బృందగానంలో సొప్రానోగా పాడినప్పుడు, ఒక ఆక్షేపణ వినవస్తుంది: “గొంతు అద్భుతమే, ఒక్క మాటైనా తెలియలేదేమి?” సాహిత్యానికి ప్రాణమిచ్చే మనకు ఇది లోపంగానే తోస్తుంది. ఇటాలియన్ కూడా తెలుగువలె చాలావరకు అజంత భాషయే. అయినా ఆ భాష మాతృభాషగా గలవారికి సైతం పైస్థాయిలో పదాలు అందవు.

స్వరతంత్రులు ఒక మూలస్వరాన్ని, దానికి రెండింతలు, మూడింతలు పౌనఃపున్యం గల అనుస్వరాలను పుట్టిస్తాయి. గొంతు, నోరు కలిసిన కుహరం వాటిలో కొన్నింటిని అనునాదంతో బలపరుస్తుంది. ఏవి బలపడ్డాయో గ్రహించి మన చెవి ‘ఈ’ అనో ‘ఆ’ అనో నిర్ణయిస్తుంది. స్త్రీ మాట్లాడేటప్పుడు మూలస్వరం సుమారు 200 హెర్ట్జ్; అనుస్వరాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. సొప్రానో ‘హై సి’ని అందుకున్నప్పుడు మూలస్వరమే 1046 హెర్ట్జ్, తరువాతిది 2092. ‘ఆ’ అచ్చు మొదటి అనునాదం సుమారు 900 దగ్గర, ‘ఈ’ది అంతకంటె ఎంతో కిందుగా ఉంటాయి. అక్కడ ధ్వనియే లేనప్పుడు బలపరచవలసినదేమున్నది? మా రసాయనికుల భాషలో, వక్రరేఖ గీయడానికి చాలినన్ని బిందువులు లేవు.

గాయని దవడను బాగా తెరచి, మొదటి అనునాదాన్ని తాను పాడే స్వరందాకా పైకి జరుపుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని కొలిచి 2004లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అంతగా నోరు తెరవడం నాటకీయత కోసమని మనవారు నవ్వుకోవడం నాకు నచ్చదు. దానివల్ల అచ్చులన్నీ ‘ఆ’కారానికి దగ్గరవుతాయి, ప్రతిఫలంగా ధ్వని అనేక రెట్లు పెరుగుతుంది.

ఆ బలం అవసరమే. అక్కడ మైకు ఉండదు. వెనుక డెబ్బది ఎనుబది వాద్యాలుంటాయి. ఆర్కెస్ట్రా శక్తి ముఖ్యంగా 500 హెర్ట్జ్ ప్రాంతంలో ఉండి ఆపైన తగ్గిపోతుంది. పురుష గాయకులు 3000 హెర్ట్జ్ దాపున అనునాదాలను గుంపుచేసి దానిని అధిగమిస్తారని స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో వివరించాడు. మన గాయనీమణులకు మైకు ఉన్నందున ఈ బేరం తప్పింది.

మోజార్ట్‌కు ఈ సంగతి చెవితోనే తెలిసి ఉండాలి. 1791 నాటి ‘మ్యాజిక్ ఫ్లూట్’లో రాత్రి రాణి 1397 హెర్ట్జ్ అందుకునేచోట ఆయన కొత్త మాటలు పెట్టలేదు, మన ఆలాపనలోవలె ఒట్టి అచ్చుమీదనే స్వరాలను పరుగెత్తించాడు.