పంజరం పక్షికి కుండీలో పచ్చిమేత

లవ్ బర్డ్స్ పేరుతో మన దుకాణాల్లో తరచూ అమ్మే చిన్న చిలుకలు నిజానికి ఆస్ట్రేలియాకు చెందిన బడ్జెరిగార్‌లు. (మన రామచిలుకలను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.) అడవిలో ఇవి నేలకు దగ్గరగా పెరిగే గడ్డి గింజలు ఏరుకు తింటాయి. ఇంట్లో మాత్రం ఏడాది పొడవునా ఎండు గింజలే. వాటిలో విటమిన్ ఎ, కాల్షియం చాలా తక్కువ. విటమిన్ ఎ లోపిస్తే నోరు, శ్వాసనాళాల లోపలి పొర గట్టిపడి, రోగక్రిములు సులువుగా చొరబడతాయి.

ఈ లోటు తీర్చడానికి రెండు మూడు కుండీలు చాలు. గుప్పెడు కొర్రలు చల్లితే గడ్డి మొలుస్తుంది. లేత కంకిని పక్షి ఇష్టంగా ఒలుచుకుంటుంది. కొత్తిమీర, మునగాకు కూడా మంచివే. పాలకూరను అప్పుడప్పుడే పెట్టాలి. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

నర్సరీ మొక్కను తెచ్చిన వెంటనే మేతగా పెట్టకూడదు. కొన్ని పురుగుమందులు వేళ్ల ద్వారా ఆకుల్లోకి చేరతాయి, కడిగినా పోవు. మందు కలపని విత్తనాలతో ఇంట్లోనే పెంచడం మేలు.

అవకాడోలోని పెర్సిన్ పక్షి గుండెను దెబ్బతీస్తుంది. గన్నేరు, ఆముదం విషపూరితం. మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా ఆకుల్లోని సూదుల్లాంటి స్ఫటికాలు నోటిని గాయపరుస్తాయి. వీటిని పంజరానికి దూరంగా ఉంచాలి. పక్షి అలాంటి ఆకు కొరికితే, ఆ కొమ్మను వెంట తీసుకుని వెంటనే పశువైద్యుల దగ్గరకు వెళ్లాలి.