గంటలు అయిపోయాయి, మరి ఆ తర్వాత?

మీ ఇంట్లో హైస్కూల్ పిల్లలుంటే ఈ ప్రశ్న మీరూ అడిగే ఉంటారు: "వాలంటీర్ గంటలు ఎన్ని అయ్యాయిరా?"

మేముండే మేరీల్యాండ్‌లో పబ్లిక్ స్కూల్ పిల్లలు డిప్లొమా అందుకోవాలంటే సేవ చేసి తీరాలి. చాలామందికి లెక్క 75 గంటలు. రాష్ట్రమంతటా ఇలాంటి నియమం పెట్టడం దేశంలో ఇక్కడే మొదలు, 1992లో.

మావాడు టెన్త్ గ్రేడ్‌లోనే గంటలు పూర్తిచేశాడు. ఆ తర్వాతి శనివారం "ఫుడ్ బ్యాంక్‌కి టైమవుతోంది, లేవరా" అంటే, "నా అవర్స్ అయిపోయాయి కదమ్మా!" అని దుప్పటి ముసుగేశాడు.

కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ మాట వాడికి నేర్పింది నేనే. దింపడం, ఎక్కించుకోవడం, "ఎన్ని గంటలు వేశారు?" అనడం. అంతే! "ఎవరిని కలిశావు, ఏం చూశావు?" అని ఒక్కసారైనా అడగలేదు. లోపలికి వెళ్లిందీ లేదు. పార్కింగ్‌లో ఫోన్ చూసుకుంటూ కూర్చునేదాన్ని.

మా అమ్మమ్మ ఎండాకాలం అరుగు మీద మజ్జిగ కుండ పెట్టి, దారిన పోయేవాళ్లకి పోసేది. గ్లాసులు కడిగే పని నాది. ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆవిడ చేస్తుంటే పక్కన నిలబడ్డాను, అంతే.

తల్లిదండ్రులు సేవ చేసే ఇళ్లలో పిల్లలూ చేసే అవకాశం ఎక్కువని అమెరికాలో ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. ఎవరైనా స్వయంగా పిలిస్తే వచ్చే పిల్లలూ ఎక్కువేనట.

అందుకే పోరు పెట్టడం మానేసి, నా పేరే రాయించుకున్నాను. మూడు వారాలు ఒక్కదాన్నే వెళ్లాను. డబ్బాల మీద తేదీలు చూసి వేరుచేయడం, కళ్లజోడు మర్చిపోయి పడ్డ తిప్పలు, అన్నీ భోజనాల దగ్గర చెప్పేదాన్ని. నాలుగో వారం, "బరువులు మోయలేకపోతున్నాను, తోడొస్తావా నాన్నా?" అన్నాను. వచ్చాడు. ఇప్పుడు నెలకి రెండుసార్లు వెళ్తున్నాం. పరీక్షలుంటే నేను అడగను.

మీరూ ప్రయత్నించండి. చిన్నపిల్లలకి చదువు చెప్పడమో, లైబ్రరీలో పుస్తకాలు సర్దడమో, పని వాళ్లనే ఎంచుకోనివ్వండి. "దీనివల్ల మనకేంటి లాభం" అని వాళ్ల ముందు అనకండి. ఊళ్లో ఉన్న అమ్మమ్మలూ, తాతయ్యలూ! ఫోన్‌లో మార్కులతోపాటు ఈ కబుర్లూ అడగండి.

వచ్చే శనివారం పిల్లల్ని దింపాక కారు ఆపి, మీరూ దిగండి.