నిజమంతా వినే సంఘం: గర్భసంచి తొలగింపు, స్త్రీల ఆరోగ్య న్యాయం – మార్కు 5:25-34 వెలుగులో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని రక్తస్రావ రోగి అయిన స్త్రీ వృత్తాంతం మన సంఘాల్లో విశ్వాసానికి మాదిరిగా తరచు బోధించబడుతూ ఉంటుంది. ఆమె వస్త్రాన్ని ముట్టడం, ప్రభువులోనుండి శక్తి బయలుదేరడం, స్వస్థత కలగడం అనే మూడు విషయాల చుట్టూనే ప్రసంగం తిరుగుతుంది. అయితే ఆమె ప్రభువు దగ్గరకు రాకముందు గడిపిన పన్నెండు సంవత్సరాలను గూర్చి సువార్తికుడు చెప్పిన మాట దగ్గర మనం ఎక్కువసేపు ఆగము. ఆమె ఎందరో వైద్యుల దగ్గరకు వెళ్లింది. వారి చేతుల్లో బాధలు పడింది. చేతిలో ఉన్న డబ్బంతా అయిపోయింది. జబ్బు తగ్గకపోగా ముదిరింది. ఈ వ్యాసంలో మేము ఆ మాట దగ్గర ఆగి, దానిని మన తెలుగు రాష్ట్రాల్లో చిన్న వయసు స్త్రీలకు జరుగుతున్న గర్భసంచి తొలగింపు ఆపరేషన్ల సమస్యతో కలిపి చదవడానికి ప్రయత్నిస్తున్నాము. స్త్రీ చెప్పుకునేది పూర్తిగా వినేవారు లేకపోవడమే ఈ సమస్యకు మూలమనీ, అలా వినడం సంఘ పరిచర్యలో భాగమనీ మా అభిప్రాయం.

1. సమస్య స్వరూపం

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 సంవత్సరాల మధ్య వయసు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది దాదాపు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం. రాష్ట్రాలన్నిటిలో మొదటి రెండు స్థానాలు మనవే. 2015-16 నాటి నాలుగవ సర్వేలోనూ ఇదే పరిస్థితి. ఆపరేషన్ జరిగిన స్త్రీల వయసు దేశంలో సగటున 34 సంవత్సరాల దగ్గర ఉంది. దాదాపు మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. స్త్రీలు చెప్పిన కారణాలలో మొదటిది క్యాన్సర్ కాదు. నెలసరిలో అధిక రక్తస్రావం, నొప్పి.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఈ ఆపరేషన్ దానంతట అది చెడ్డది కాదు. గర్భసంచి క్యాన్సర్, కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం, మందులకు లొంగని పెద్ద గడ్డలు, గర్భసంచి జారిపోవడం వంటి సందర్భాలలో అది ప్రాణం నిలుపుతుంది, బ్రతుకును తేలిక చేస్తుంది. ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఇతర మార్గాలు ఉన్నాయని ఆమెకు ఎవరైనా చెప్పారా అన్నదే మా ప్రశ్న.

అధిక రక్తస్రావానికి కారణాలు అనేకం. గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్ లోపం, హార్మోన్ల తేడా, రక్తం గడ్డకట్టడంలో లోపం వాటిలో కొన్ని. చాలావాటికి మందులున్నాయి. రక్తస్రావాన్ని తగ్గించే మాత్రలు, హార్మోన్ మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం, గడ్డను మాత్రమే తీసివేసే శస్త్రచికిత్స వంటివి అందుబాటులో ఉన్నాయి. రక్తహీనతకు ఐరన్ ఇవ్వడం వీటితో పాటు జరగాలి. పై సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మంది, తెలంగాణలో 57.6 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే శరీరంలో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన స్థితి వస్తుంది. ఎముకలు పలచబడతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలను ఉంచినా అవి మామూలుకంటే ముందే పనిచేయడం మానే అవకాశం ఉంది. పొలంలో వంగి నాట్లు వేసే స్త్రీకి ఎముకల బలమే జీవనాధారం. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందు తెలియాలి.

2. దీనికి దారితీసే కారణాలు

మొదటిది, వైద్య సేవల అమరిక. మన ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ స్త్రీని ముఖ్యంగా గర్భిణిగా, బాలింతగా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు రావలసిన మనిషిగా చూసింది. ఐదవ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే; పురుషులు చేయించుకున్నది ఒక శాతం కూడా లేదు. చాలామందికి అది ఇరవైలలోనే అయిపోతుంది. ఆ తర్వాత నడుము నొప్పి, తెల్లబట్ట, అధిక రక్తస్రావం వచ్చినప్పుడు ఆమె కోసం ప్రత్యేకించిన పథకం పెద్దగా కనిపించదు. ఊళ్లోని ఆర్‌ఎంపీ, అతను చూపించిన ప్రైవేటు నర్సింగ్‌హోమే దిక్కవుతాయి.

రెండవది, భయం. తెల్లబట్ట అవుతోంది గనుక క్యాన్సర్ వస్తుందనీ, గర్భసంచి తీయించుకుంటే ముప్పు పోతుందనీ చెప్పడం పరిపాటి. తెల్లబట్ట ఎక్కువగా మందులతో నయమయ్యే ఇన్‌ఫెక్షన్ల వల్ల వస్తుంది. క్యాన్సర్ అనుమానం ఉంటే దానిని పరీక్షతో తేల్చాలి. అలాగే ముట్లుడిగిన తర్వాత రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. భయపెట్టడం వేరు, పరీక్ష చేయడం వేరు.

మూడవది, కూలి. 2019లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరుకు నరికే కూలి స్త్రీలు ఎంతోమంది గర్భసంచులు తీయించుకున్నారన్న సంగతి దేశానికి తెలిసింది. పని మానిన రోజుకు గుత్తేదారు జరిమానా వేసేవాడు. నెలసరి వారికి కూలి నష్టంగా మారింది. శరీరంలో ఒక అవయవాన్ని వదులుకోవడం చౌకగా కనబడేలా చేసిన ఆ పని పద్ధతిని స్త్రీ స్వేచ్ఛగా ఎంచుకున్నదనలేము.

నాలుగవది, మౌనం. ముట్టును మైలగా చూసే ఇళ్లలో రక్తస్రావం గురించి భర్తతో గాని, మామగారి ముందు గాని మాట్లాడలేరు. పిల్లలు పుట్టిన తర్వాత దానితో పనేమిటి అన్న మాటను ఇంట్లో పెద్దవాళ్లే అంటారు. క్రైస్తవ గృహాలు దీనికి మినహాయింపు కాదు. బహిష్టు రోజుల్లో ప్రభు బల్లకు దూరంగా ఉండే అలవాటు కొన్ని సంఘాల్లో ఉన్నది.

3. వాక్య పరిశీలన

మార్కు ఆమె పడిన బాధలను గూర్చి వాడిన గ్రీకు మాటలు "పొల్లా పథూసా", అనగా అనేక శ్రమలు పడినది. 8:31లో మనుష్యకుమారుడు పొందవలసిన శ్రమలను గూర్చి అవే మాటలు "పొల్లా పథేయిన్" అని వస్తాయి. ఆమె జబ్బుకు 5:29, 34 వచనాల్లో వాడిన "మాస్టిక్స్" అనే పదానికి అసలు అర్థం కొరడా. అపొస్తలుల కార్యములు 22:24లో పౌలును కొట్టి విచారించాలన్నప్పుడు అదే పదం ఉన్నది. కాబట్టి ఆమె శ్రమను సువార్తికుడు ప్రభువు శ్రమల భాషలోనే వ్రాశాడు. వైద్యుల చేతుల్లో ఖర్చయి నలిగిపోవడాన్ని అతడు చిన్న విషయంగా దాటవేయలేదు. లూకా 8:43లో ఈ మాట బాగా తగ్గిపోయింది. కొన్ని ప్రాచీన ప్రతులలో ఖర్చు సంగతే లేదు. మత్తయి 9:20లో వైద్యుల ప్రస్తావనే లేదు. మార్కు ఒక్కడే దానిని పూర్తిగా నిలిపాడు.

లేవీయకాండము 15ను చూపించి, యూదు మతం ఈ స్త్రీని వెలివేసిందనీ, యేసు ఆ చట్టాన్ని కొట్టివేశాడనీ చెప్పడం మనకు అలవాటు. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆ అధ్యాయం పురుషుల స్రావాలను గూర్చి కూడా అదే రీతిగా మాట్లాడుతుంది. మార్కు ఈ వృత్తాంతంలో అపవిత్రత అనే మాట ఎక్కడా వాడలేదు. ఏమీ-జిల్ లెవీన్ వంటి యూదు పండితులు ఈ విషయం గుర్తుచేశారు. ఇతరుల మతం మీద నింద మోపి మన ఇళ్లలోని మైలను మరచిపోవడం న్యాయం కాదు.

ఈ భాగంలో ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఆమె శరీరం 29వ వచనంలోనే బాగయింది. స్వస్థతే చాలనుకుంటే కథ అక్కడ ముగియవచ్చు. కాని ప్రభువు ఆగాడు. శిష్యులు విసుగుపడినా చుట్టూ చూశాడు. 33వ వచనంలో ఆమె వచ్చి నిజమంతా చెప్పింది. పన్నెండేళ్లుగా ఆమెను పరీక్షించినవారు ఉన్నారు, ఆమె సొమ్ము తీసుకున్నవారు ఉన్నారు. ఆమె చెప్పేది మొదటినుండి చివరివరకు విన్నట్టు మార్కు చెప్పింది మాత్రం ఈయననే. ఆ తర్వాతే ఆమెను కుమారీ అని పిలిచి, సమాధానంతో పంపాడు. సువార్తలలో ప్రభువు ఒక స్త్రీని అలా పిలిచింది ఇక్కడ మాత్రమే.

ఆ సమయంలో యాయీరు కాచుకొని ఉన్నాడు. అతనికి పేరున్నది, పదవి ఉన్నది, ఎదుటికి వచ్చి అడగగల ధైర్యమున్నది. ఈమెకు పేరు లేదు. గుంపులో వెనుకనుండి వచ్చింది. ప్రభువు అతని కుమార్తెను విడిచిపెట్టలేదు గాని, ఈమె మాట పూర్తయ్యేవరకు అతనిని ఆపాడు. సమన్యాయం అంటే ఇదే. అందరికీ ఒకటే కొలత వేయడంతో అది తీరదు. వెనుకనుండి రావలసి వచ్చినవారికి మాట్లాడే చోటు ముందుగా ఇవ్వాలి.

అయితే ఈ భాగాన్ని చూపించి డాక్టర్ల దగ్గరకు వెళ్లవద్దని, మందులు మానమని బోధించడం వాక్యానికి విరుద్ధం. మార్కు వైద్యాన్ని నిందించలేదు; ఆమెకు ఏమి జరిగిందో చెప్పాడు. అటువంటి బోధ స్త్రీని మరొకసారి మోసపుచ్చుతుంది.

4. చట్టం చేసిన మేలు, మిగిలిన పని

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ రాష్ట్రాల్లో అనవసరంగా జరిగిన ఇటువంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజా ప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో పర్యవేక్షక సంఘాలు ఉండాలి. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెండూ వివరాలు ఇవ్వాలి. ఇది గొప్ప మేలు. కాని కాగితం మీది హక్కు ఊళ్లోని స్త్రీకి చేరాలంటే ఆమె పక్కన ఒక మనిషి నిలబడాలి.

5. సంఘం చేయదగిన పనులు

తెలుగు సంఘానికి ఈ పరిచర్య కొత్తది కాదు. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, స్త్రీలకు వైద్యం ప్రారంభించి, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. బైబిలు స్త్రీలు ఇంటింటికి వెళ్లి మాట్లాడారు, విన్నారు. ఆ వారసత్వాన్ని ఈ కాలానికి తగినట్టు కొనసాగించడానికి మేము ఈ సూచనలు చేస్తున్నాము.

(అ) స్త్రీల సమాజాల కూడికల్లో ఆపరేషన్‌కు ముందు అడగవలసిన ప్రశ్నలు నేర్పాలి: నాకు వచ్చిన జబ్బు పేరేమిటి? స్కానింగ్‌లో ఏమి కనబడింది? మందులతో ప్రయత్నించవచ్చా? అండాశయాలు ఉంచుతారా? కొన్ని నెలలు ఆగితే ప్రమాదమా? మరొక డాక్టరు అభిప్రాయం తీసుకోవచ్చా?

(ఆ) ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురు స్త్రీలు, ఆశా కార్యకర్తతో, ఏఎన్‌ఎంతో పరిచయం పెంచుకొని, అవసరమైనప్పుడు రోగితో కూడా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి.

(ఇ) పురుషుల కూడికల్లో ఈ విషయం మాట్లాడాలి. భార్య ఆరోగ్యం భర్త బాధ్యత కాదన్నట్టు ఉండే మౌనం పోవాలి.

(ఈ) మిషను ఆసుపత్రులు 40 ఏళ్లలోపు స్త్రీలకు చేసిన ప్రతి గర్భసంచి ఆపరేషన్‌కు కారణాన్ని తామే పరిశీలించుకొని, ఇతరులకు మాదిరిగా నిలవాలి.

(ఉ) ఇప్పటికే ఆపరేషన్ జరిగినవారికి ఎముకల బలం, రక్తపోటు, మధుమేహ పరీక్షలు అందేలా చూడాలి. వారు సిగ్గుపడవలసినదేమీ లేదని సంఘం వారికి చెప్పాలి.

(ఊ) వేదాంత కళాశాలల్లో పాస్టర్లుగా శిక్షణ పొందేవారు స్త్రీల ఆరోగ్యాన్ని గూర్చి తడబడకుండా మాట్లాడడం నేర్చుకోవాలి.

ముగింపు

మన సంఘాల్లో సాక్ష్యాలు వింటాము. జబ్బు నయమైన తర్వాత చెప్పే సాక్ష్యానికి మనం చప్పట్లు కొడతాము. జబ్బు ఇంకా ఉన్నప్పుడు, అప్పు ఇంకా తీరనప్పుడు, రేపు ఆపరేషన్ అని చీటీ చేతిలో ఉన్నప్పుడు ఒక స్త్రీ చెప్పుకోవడానికి మన మధ్య చోటున్నదా అన్నది ఈ వృత్తాంతం మనలను అడిగే ప్రశ్న. ముప్పై నాలుగేళ్ల స్త్రీకి ఇంకా సగం జీవితం ఉన్నది. ఆమె మాట పూర్తయ్యేవరకు గుంపును ఆపిన ప్రభువును వెంబడించేవారు ఆ మాత్రం ఆగడం నేర్చుకోవాలని మా మనవి.