వెలిగే తెరయా, వెలుగు కోరే కాగితమా?

టెల్కో కాలనీలోని మా ఇంటి వరండాలోకి ఉదయం ఎండ నేరుగా వస్తుంది. ఆ ఎండలో కుర్చీ వేసుకొని అమ్మ తెలుగు నవల చదువుకోవడం నా చిన్ననాటినుంచి ఎరిగిన దృశ్యం. శ్రీకాకుళం ప్రాంతంనుంచి జంషెడ్‌పూరు కర్మాగారాలకు తరలివచ్చిన కుటుంబాలలో మాదొకటి. 1945లో స్థాపితమైన టెల్కో 2003లో టాటా మోటార్స్‌గా పేరు మార్చుకొన్నది. కాలనీకి మాత్రం పాత పేరే నిలిచింది. మా ఇంట తెలుగును నిలిపినవి, సెలవులకు ఊరు వెళ్ళినప్పుడల్లా పెట్టెలో తెచ్చుకొన్న పుస్తకాలు.

మూడేళ్ళ క్రితం అమ్మ చదవడం మానివేసింది. శుక్లాలు తీయించిన తరువాత కూడా పాత పుస్తకాల సన్నని అచ్చు ఆమె కంటికి అందలేదు. "అక్షరాలు అలుక్కుపోతున్నాయి బాబూ" అని పుస్తకం మూసిపెట్టింది. అక్షరాన్ని పెద్దది చేసి చూపగల సాధనం కావాలి. అనువాదకుడిగా రోజంతా తెర ముందు గడిపి, రాత్రి నిద్రపట్టక దొర్లే నాకూ ఒక మార్గం కావాలి. ఏది కొనాలి?

రెండు తెరలు, రెండు స్వభావాలు

టాబ్లెట్లలో ఎక్కువ వాటికి తెర వెనుక దీపం ఉంటుంది. ముందున్న ద్రవస్ఫటికాల పొర ఆ కాంతిని ఒకచోట వదులుతూ, మరొకచోట ఆపుతూ బొమ్మ కడుతుంది. ఎలక్ట్రానిక్ కాగితం తీరు వేరు. సన్నని పొరలో కంటికి ఆనని గుళికలు, వాటిలో తెల్లని, నల్లని రంగు రేణువులు ఉంటాయి. వాటి విద్యుదావేశాలు పరస్పర విరుద్ధాలు. విద్యుత్తు తాకినప్పుడు ఒక రంగు పైకి తేలుతుంది, మరొకటి అడుగుకు దిగుతుంది. ఒకసారి కుదురుకొన్న పుట నిలవడానికి మళ్ళీ విద్యుత్తు అక్కరలేదు. అందుకే ఈ సాధనాలు ఒకసారి చార్జి చేస్తే వారాల తరబడి పనిచేస్తాయి. అచ్చు కాగితంవలె ఇదీ బయటి వెలుగుతోనే కనిపిస్తుంది. ఎండ ఎంత ఎక్కువైతే అక్షరం అంత స్పష్టం.

ఈ ఆలోచనకు మూలం 1970లలో జిరాక్స్ పరిశోధనాలయంలో నికొలస్ షెరిడన్ చేసిన ప్రయోగాలు. గుళికల సిరాను రూపొందించిన ఈ-ఇంక్ సంస్థ 1997లో వెలసింది. 2004లో జపానులో సోనీ లిబ్రియే, 2007లో అమెరికాలో కిండిల్ వచ్చాయి.

కన్ను, నిద్ర

వెలిగే తెర కన్నును పాడుచేస్తుందన్న మాట విరివిగా వినిపిస్తుంది. నిజానికి అలసటకు ముఖ్య కారణాలు రెండు: రెప్ప వేయడం తగ్గడం, దగ్గరి వస్తువుపై చూపు గంటలకొద్దీ నిలపడం. ఏ తెర చేతిలో ఉన్నా ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి దూరంగా చూడవలసిందే.

నిద్ర సంగతి వేరు. అమెరికాలో 12 మందిపై జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2015లో ప్రకటితమైనాయి. పడుకొనే ముందు కొన్ని గంటలు వెలిగే తెరపై చదివిన రాత్రులలో, అచ్చు పుస్తకం చదివిన రాత్రులకంటే నిద్ర పట్టడానికి సుమారు 10 నిమిషాలు ఎక్కువ పట్టింది. పరీక్ష చిన్నది, తెరను పూర్తి వెలుగులో ఉంచారు కూడా. అయినా నా రాత్రులకు అదొక హెచ్చరిక. ఎలక్ట్రానిక్ కాగితపు సాధనాలలోనూ నేడు అంచులనుంచి పుటపై పడే దీపాలు ఉంటున్నాయి. రాత్రివేళ వాటినీ తగ్గించుకోవాలి.

తెలుగు చదువరికి చిక్కు

ఇంతవరకు చెప్పినది ఏ భాషకైనా చెల్లుతుంది. తెలుగుకు మరొక చిక్కు ఉన్నది. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌పై అయిదు భారతీయ భాషల పుస్తకాలు ప్రవేశపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఇక మన పాత పుస్తకాలు అధికంగా దొరికేది పుటలను ఫొటో తీసిన ప్రతులుగా. అటువంటి ప్రతిలో అక్షరాన్ని పెంచితే పుట మొత్తం పెరుగుతుంది. పంక్తి తెర దాటి పోతుంది. యూనికోడ్‌లో కూర్చిన పుస్తకంలోనైతే అక్షరం పెరిగినకొద్దీ పంక్తులు వాటంతటవే సర్దుకొంటాయి.

మిత్రుని వద్ద ఆరంగుళాల ఎలక్ట్రానిక్ కాగితపు సాధనం ఒక వారం అరువు తెచ్చాను. అందులో అమ్మ కోరిన పాత నవల ఫొటో ప్రతి పెట్టాను. ప్రతి పంక్తికీ పుటను అటూ ఇటూ జరపాలి. జరిపినప్పుడల్లా తెర నెమ్మదిగా మారుతుంది. "ఇది చదవడం కాదు బాబూ, వెతకడం" అని అమ్మ తిరిగి ఇచ్చేసింది. పదంగుళాల టాబ్లెట్‌లో అదే పుట రెండు వేళ్ళతో క్షణంలో పెరిగింది. నల్లని నేలపై తెల్లని అక్షరాలుగా మార్చితే వత్తులు కూడా విడివిడిగా కనిపించాయి. కాని వరండా ఎండలో తెర అద్దమైపోయింది. "ఇందులో నా మొహమే కనబడుతోంది" అన్నది.

కనుక కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మేలు. నేను చదివే పుస్తకం అక్షరాలుగా ఉన్నదా, ఫొటోగా ఉన్నదా? చదివేది ఎండలోనా, నీడలోనా, పడకపైనా? కంటికి ఎంత పెద్ద అక్షరం కావాలి?

మా ఇంట రెండు సమాధానాలు వచ్చాయి. రాత్రి ఆంగ్ల నవలలు చదివే నాకు ఎలక్ట్రానిక్ కాగితం, అమ్మకు టాబ్లెట్. ఆమె కుర్చీ ఇప్పుడు వరండాలో లేదు, గుమ్మం లోపల నీడలో ఉన్నది. ఎండను వదులుకోవడం ఆమెకు కష్టంగానే తోచింది. కాని నిన్న వంటకు ఆలస్యమయింది. కారణం అడిగితే, "అధ్యాయం మధ్యలో ఎలా లేస్తాను?" అన్నది. మూడేళ్ళ తరువాత ఆ మాట మా ఇంట మళ్ళీ వినిపించింది.