ఎగుడుదిగుడు దారుల బండికి అదనపు గాలి: ఏ సూపర్‌చార్జర్ మేలు?

యంత్ర విభాగంలో పనిచేసే మమ్మల్ని ఉద్యోగుల పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. పాత పెట్రోలు జిప్సీ వంటి, నాలుగు చక్రాలూ లాగే బండికి సూపర్‌చార్జర్ అమర్చుకొనవచ్చునా? అమర్చుకొంటే ఏ రకం మంచిది? చేతి సొమ్ముతోను, బండిలో కూర్చునే కుటుంబ క్షేమంతోను ముడిపడిన ప్రశ్న కనుక, కొంత వివరంగా సమాధానం చెప్పవలసి యున్నది.

ఇంజను బలం అది పీల్చే గాలిని బట్టి ఉంటుంది. 1300 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజను ఒక్కొక్క చుట్టుకు సుమారు 0.65 లీటరు గాలిని మాత్రమే తీసుకొనగలదు. ఆ గాలిని ముందుగానే ఒత్తి, ఎక్కువ బరువు గల గాలిని సిలిండరులోనికి నెట్టి, దానికి తగిన ఇంధనాన్ని అందించినచో బలం పెరుగుతుంది. సూపర్‌చార్జర్ చేసే పని ఇదే. జర్మనీ ఇంజనీరు గాట్లీబ్ డైమ్లర్ 1885 నాటికే ఈ భావనకు పేటెంటు పొందినాడు.

మిల్లులలో కనిపించే మూడు రూపాలు

ఈ యంత్రాలలో మూడు ముఖ్య రకాలున్నవి. నవాగామ్ వాసులు వీటిని చూడడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. సూరత్ బట్టల పరిశ్రమలో ఈ మూడింటికీ దగ్గరి బంధువులు పనిచేస్తూనే ఉన్నవి.

మొదటిది రూట్స్ రకం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉన్ని మిల్లు నడిపిన రూట్స్ సోదరులు 1860లో దీనికి పేటెంటు పొందినారు. ఒకదానినొకటి తాకకుండా తిరిగే రెండు రెక్కల కడ్డీలు గాలిని ఒక వైపు నుండి మరొక వైపునకు తోడిపోస్తాయి. రంగుల మిల్లులలో మురుగునీటి శుద్ధికై తొట్లలోనికి గాలి నూదే బ్లోయర్లు ఎక్కువగా ఈ జాతివే. ప్రతి చుట్టుకూ ఒక కొలత గాలి తప్పక వస్తుంది కనుక, ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు కూడ పీడనం సిద్ధంగా ఉంటుంది. అయితే ఇది గాలిని తన లోపల కుదించదు. బయట పీడనంతో ఉన్న గాలి వెనుకకు తన్నుకొని రావడం వలన వేడి అధికమవుతుంది.

రెండవది జంట స్క్రూ రకం. స్వీడన్ ఇంజనీరు ఆల్ఫ్ లిషోల్మ్ 1930ల దశకంలో దీనిని అభివృద్ధి చేసినాడు. మెలికలు తిరిగిన రెండు స్క్రూల నడుమ గాలి ముందుకు సాగుతూ క్రమంగా కుదించుకొనిపోతుంది. ఎయిర్‌జెట్ మగ్గాలకు గాలినందించే స్క్రూ కంప్రెసర్ సూత్రమూ ఇదే. రూట్స్ వలెనే తక్కువ వేగంలోను పనిచేస్తుంది, వేడి మాత్రం తక్కువ. కాని తయారీలో ఎంతో ఖచ్చితత్వం కావలసి యున్నందున ధర ఎక్కువ.

మూడవది సెంట్రిఫ్యూగల్ రకం. నీటి పంపులోని చక్రం నీటిని విసిరినట్లు ఇది గాలిని వెలుపలికి విసురుతుంది. చిన్నది, తేలికైనది, సమర్థమైనది. అయితే దీని పీడనం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 6000 చుట్ల వద్ద 0.5 బార్ ఇచ్చేటట్లు అమర్చినచో, 3000 వద్ద అందులో నాలుగవ వంతు, 2000 వద్ద తొమ్మిదవ వంతు మాత్రమే లభిస్తుంది. డాంగ్ కొండలలో వర్షాకాలపు బురదలోను, తాపీ వరద మేటవేసిన ఒండ్రులోను చిక్కిన బండికి బలం కావలసినది సరిగా ఆ 2000 చుట్ల ప్రాంతంలోనే. నున్నని రహదారిపై వేగంగా పోవు కారుకు నప్పే ఈ రకం, ఎగుడుదిగుడు దారుల బండికి నప్పదు.

వేడి చెప్పే లెక్క

గాలి పీడనం ఒకటిన్నర రెట్లయినంత మాత్రాన సిలిండరులో గాలి ఒకటిన్నర రెట్లు కాదు. సూరత్ ఎండలో 40 డిగ్రీల గాలిని తీసుకొని లెక్క వేయుదము. 55 శాతం సామర్థ్యం గల పాత తరహా రూట్స్ యంత్రం నుండి అది సుమారు 110 డిగ్రీలతో వెలువడుతుంది. గాలి నిజముగా పెరిగేది 1.23 రెట్లు. 70 శాతం సామర్థ్యం గల స్క్రూ యంత్రమైనచో 95 డిగ్రీలు, 1.28 రెట్లు. ఇంటర్‌కూలర్ అమర్చి 60 డిగ్రీలకు చల్లార్చగలిగినచో 1.41 రెట్లు. అనగా యంత్రం రకం కంటె చల్లార్చే ఏర్పాటే ఎక్కువ లాభమిస్తున్నది. పైగా వేడి గాలితో పెట్రోలు సమయానికి ముందే మండి, ఇంజను టకటకలాడి, పిస్టన్లు దెబ్బతినే ప్రమాదమున్నది. గరిష్ఠ వేగంలో సూపర్‌చార్జర్‌ను తిప్పడానికే స్థూలంగా 7, 8 అశ్వశక్తులు ఖర్చవుతాయన్నదీ గమనింపదగినది.

టర్బో సంగతి

స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూకి 1905లో పేటెంటు పొందిన టర్బోచార్జర్ బెల్టుతో కాక, వెలుపలికి పోవు పొగ బలంతో తిరుగుతుంది. తక్కువ వేగంలో పొగ చాలక కొంత ఆలస్యంగా అందుకొన్నా, వృథాగా పోయే శక్తిని వాడుకొనడం దీని గొప్ప. డీజిలు ఇంజనుకు పెట్రోలు ఇంజను వలె ముందుగా మండే బెడద లేదు కనుక టర్బో దానికి చక్కగా కుదిరినది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులలో బొగ్గు, మట్టి మోయు పెద్ద డంపర్లు టర్బో డీజిళ్లే. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు పెట్రోలు, డీజిలు రెండింటికీ టర్బోనే అమర్చినారు. డ్రైవరు సోదరులకు ఒక మనవి. ఎత్తు ఎక్కి వచ్చిన వెంటనే ఇంజను ఆపక, రెండు మూడు నిమిషాలు మెల్లగా తిరుగనిచ్చినచో టర్బో బేరింగులు చల్లబడి ఎక్కువకాలం మన్నుతాయి.

కొనుటకు ముందు

ఏ రకమైనా ధూళికి శత్రువే కాదు, ధూళి దానికి శత్రువు. గాలి ఎక్కువగా లాగే ఇంజను దుమ్మును కూడ ఎక్కువగానే లాగుతుంది. చిన్న పగులున్న ఫిల్టరు గొట్టం చాలును, స్క్రూలూ సిలిండర్లూ గీతలు పడడానికి. చట్టమూ ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే మార్పులు చేయరాదు. అట్టి బండికి ప్రమాదం జరిగినచో బీమా సొమ్ము విషయంలో చిక్కులు రావచ్చును.

కేవలం యంత్రాల పోలికగా చూచినచో మా తీర్పు ఇది. నెమ్మదిగా ఎక్కవలసిన పెట్రోలు బండికి ఇంటర్‌కూలరుతో కూడిన స్క్రూ రకం మొదటిది, ధర దృష్ట్యా రూట్స్ రెండవది, సెంట్రిఫ్యూగల్ చివరిది. బరువు పనికి కర్మాగారంలోనే టర్బో అమర్చిన డీజిలు ఉత్తమం.

అయితే జిప్సీ యజమానులు మరొక లెక్క కూడ చూడవలెను. హై గేరు నుండి లో గేరుకు మార్చినంతనే చక్రాల వద్ద తిప్పుడు బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైన చూచిన ఏ సూపర్‌చార్జరూ అంత ఇవ్వలేదు. ఆ లీవరు బండిలో ముందే ఉన్నది, దానికి ఖర్చు లేదు, అనుమతి అక్కరలేదు. దానిని సరిగా వాడడం నేర్చుకొని, మంచి టైర్లు, శుభ్రమైన ఫిల్టరు చూచుకొన్న తరువాత కూడ బలం చాలదనిపించినప్పుడే తక్కిన ఆలోచన చేయుట మంచిది.