స్పానిష్‌లో ‘విద్య’కు ఏ పదం?

నిఘంటువులో ‘విద్య’కు ‘ఎదుకసియోన్’ అని కనిపిస్తుంది. 1972లో స్పెయిన్‌లో ఏర్పడిన జాతీయ దూరవిద్యా విశ్వవిద్యాలయం పేరులోనూ ఈ పదమే ఉంది. అయితే దీనిలో పెంపకం, మర్యాద అనే అర్థాలు కూడా ఇమిడి ఉన్నాయి. ఉద్యోగ దరఖాస్తులో ‘నేను చదువుకున్నాను’ అనే ఉద్దేశంతో ‘సోయ్ ఎదుకాదో’ అని రాస్తే, చదివేవారికి ‘నేను మర్యాదస్తుణ్ణి’ అని అర్థమవుతుంది. మన ‘చదువు, సంస్కారం’ జంటలో ఈ మాట రెండోదానికే దగ్గర. ‘మాలెదుకాదో’ అయితే తిట్టే: మర్యాద తెలియనివాడు. చదువుకున్న వ్యక్తిని ‘పెర్సోనా కోన్ ఎస్తూదియోస్’ అనడం మేలు.

ఉపాధ్యాయుని వైపు నుంచి జరిగేది ‘ఎన్సెన్యాన్సా’, అంటే బోధన. విద్యార్థి వైపు నుంచి జరిగేది ‘అప్రెందిసాహె’, అంటే అభ్యసనం. ‘ఎన్సెన్యార్’ అనే క్రియకు నేర్పడమే కాక చూపించడమనే అర్థమూ ఉంది. వృత్తి శిక్షణకు ‘ఫోర్మసియోన్’ వాడతారు.