మాత్రతో పాటు... మంచినీళ్లూ!

నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మధ్యాహ్నానికే నీరసం. అద్దంలో చూస్తే పాలిపోయిన కళ్లు. 'ఎండకి అంతేలే' అని సరిపెట్టుకుంటారు చాలామంది ఆడవాళ్లు. కానీ అది రక్తహీనత కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందిది ఇదే సమస్య.

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట... ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల వాళ్లు ఇంకో విషయం కూడా చూసుకోవాలి. అదే ఫ్లోరైడ్! పెన్న మీద సోమశిల జలాశయం దగ్గరే ఉన్నా, ఇక్కడ బోరునీళ్లను నమ్ముకున్న పల్లెలు ఎన్నో. మనదేశంలో మనుషులకొచ్చే ఫ్లోరోసిస్‌ను 1937లో తొలిసారి వెలుగులోకి తెచ్చింది కూడా అప్పటి నెల్లూరు జిల్లా నుంచే.

నీళ్లకీ రక్తానికీ లంకె

ఫ్లోరైడ్ అంటే గారపళ్లు, వంగిన నడుములే గుర్తొస్తాయి. అది పేగు లోపలి పొరనూ దెబ్బతీస్తుంది. దాంతో తిన్నది ఒంటబట్టదు. డాక్టర్ ఎ.కె.సుశీల బృందం ఢిల్లీలో రక్తహీనత ఉన్న గర్భిణులకు ఫ్లోరైడ్ తగ్గించి, పోషకాహారం పెంచితే చాలామందిలో హిమోగ్లోబిన్ పెరిగింది. ఈ ఫలితాలు 2010లో 'కరెంట్ సైన్స్'లో వచ్చాయి.

ఏ పరీక్షలు?

మొదట హిమోగ్లోబిన్. మహిళలకు 12 గ్రాములు, గర్భిణులకు 11, పురుషులకు 13 కన్నా తగ్గితే రక్తహీనతే. ఎర్రకణాలు చిన్నవైతే ఎక్కువగా ఐరన్ లోపం, పెద్దవైతే బి12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపం కావచ్చు. నులిపురుగులు, నెలసరిలో అధిక రక్తస్రావం ఉన్నాయేమో కూడా డాక్టరు చూస్తారు. మాత్రలు వాడుతున్నా రక్తం పెరగకపోతే తాగే నీళ్లను పరీక్షించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ మంచిది కాదు. కాచినంత మాత్రాన అది పోదు, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది!

ఇంట్లో ఏం చేయాలి?

* తోటకూర, మునగాకు, పప్పులు, నువ్వులు, బెల్లం, గుడ్డు, మాంసం తరచూ తినాలి.
* అన్నంలో నిమ్మరసం పిండుకున్నా, తిన్నాక జామపండు తిన్నా ఐరన్ బాగా ఒంటబడుతుంది.
* భోజనం, ఐరన్ మాత్ర అయ్యాక వెంటనే టీ వద్దు. అది ఐరన్‌ను అడ్డుకుంటుంది, పైగా అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.
* ఐరన్, కాల్షియం మాత్రలు ఒకే పూట వేసుకోకూడదు.
* మలం నల్లగా వచ్చిందని, కడుపులో తిప్పిందని మాత్రలు మానేయొద్దు. డాక్టరుకు చెబితే వేళ మారుస్తారు. గర్భిణులకు రోజుకొకటి చొప్పున 180 రోజులు తప్పనిసరి.

ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అమ్మకే ముందుగా రక్తం తగ్గుతుంది. ఈ వారమే ఆమెను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. తాగేది బోరునీరైతే, ఆ నీళ్లనూ పరీక్షకు పంపండి.